తూము గుంజ మీద తువ్వాలు

సముద్రపు పోటుకు కట్ట తెగి ఏటి ఉప్పునీళ్ళు మా చేలో తొమ్మిది రోజులు నిలిచాయి. ఆ తర్వాత రెండేళ్ళు వేసిన వరి వేసినట్టే మాడింది. ఎండలు ముదిరితే చాలు, నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా పూసేది. మూడో ఏడు వానలకు ముందు అన్నయ్య ఒక మాట అన్నాడు. అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"ఈ ఒక్క పంట చూద్దాం నాన్నా. పండిందా, సరే. పండకపోతే రొయ్యల చెరువు తవ్వేద్దాం."

నాన్న సరే అనలేదు, కాదనలేదు. గ్లాసులో నీళ్ళు పోయమన్నాడు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

అన్నయ్య పొక్లెయిన్ నడుపుతాడు. చుట్టుపక్కల చెరువుల్లో సగం ఆయన చేతి మీదుగా తవ్వినవే. మా పక్క చేను అప్పటికే చెరువవుతోంది. పని దిగాక యంత్రాన్ని మా గట్టు మీదే నిలిపి ఇంటికొచ్చేవాడు. అది పసుప్పచ్చటి చెయ్యి మడుచుకుని మా చేను కేసి చూస్తూ ఉండేది. ఇంకో చోట పెట్టమని మేమూ అడగలేదు. ఒకసారి చెరువైన నేల మళ్ళీ చేను కాదని మా ముగ్గురికీ తెలుసు.

వానలు పడగానే ఉప్పు కడగడం మొదలుపెట్టాం. మట్టి పరీక్షలు చేసే అమ్మాయి ఒకామె వారానికోసారి మోపెడ్ మీద వచ్చేది. ఆమె దగ్గర పెన్నంత మీటరు ఒకటి ఉండేది, నీళ్ళలో ముంచితే ఉప్పు ఎంతో అంకె చూపించేది. మా వాళ్ళు ఆమెకు మీటరమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగానే అలా పిలిచేవాళ్ళు, ఆమె పలికేది. గట్లు ఎత్తుచేసి, మంచినీళ్ళు జానెడు లోతు నిలబెట్టి, బురద కలియదున్ని, మూడు రోజులు ఉంచి, ఆ నీళ్ళు మురుగు బోదెలోకి వదిలెయ్యమంది. ఆరకముందే మళ్ళీ పెట్టమంది. అలా నాలుగుసార్లు కడిగాం. చేనుకు స్నానం చేయిస్తున్నారా అని దారినపోయేవాళ్ళు అడిగేవాళ్ళు.

వదిలిన ప్రతిసారీ నాన్న బోదె దగ్గర కూర్చుని దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నాలుక కొసకు ఆనించి ఉమ్మేవాడు. మీటరమ్మ అది చూసి నవ్వి, మూడు చోట్ల నుంచి మూడు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. నాన్న మూడూ రుచి చూసి, ఉప్పు తక్కువదాని నుంచి ఎక్కువదాని దాకా వరస పెట్టాడు. ఆమె మీటరు ముంచింది. అదే వరస.

"పెద్దాయన నాలికకి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఇంక నేను నెలకోసారి వచ్చినా సరిపోతుంది" అంది.

నాన్న మొహం తిప్పుకున్నాడు. ఆయన నవ్వితే అలా మొహం తిప్పుకుంటాడు.

ఆయన నాలుక సంగతి మీటరమ్మకు కొత్త గానీ మాకు కాదు. కాలువ వెంట ఎనిమిది కుటుంబాలకు ఎనిమిది తూములు. మాది చివరిది, ఏటికి దగ్గరది. పోటు వచ్చినప్పుడు ఏరు కాలువలోకి ఎదురెక్కుతుంది, ఉప్పు ముందు మా తూము దగ్గరికే వస్తుంది. అందుకని మా దగ్గర తియ్యనైతే పైవాళ్ళందరి దగ్గరా తియ్యనే. నాన్న పొద్దున్నే నీళ్ళు చూసి, బాగుంటే భుజం మీది తువ్వాలు తీసి తూము గుంజకు వేలాడదీస్తాడు. తెల్ల తువ్వాలు కనబడితే పైన ఏడుగురూ తూము పలకలు ఎత్తి చేలకు నీళ్ళు పెట్టుకుంటారు. కనబడకపోతే ఎత్తరు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఎవరూ అడిగింది లేదు, ఆయన చెప్పిందీ లేదు.

కడిగిన నేలలో పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగాక దున్నేశాం. నారు మాత్రం ముదరనిచ్చాం. లేత నారు ఉప్పుకు ఓర్చదని, నలభై రోజులు నిండాకే పీకమని, కుదురుకు నాలుగైదు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టమని మీటరమ్మ మాట. గట్ల కోసం అందరితో తగవులాడే మా పైతూము ఆయన్ని గట్టు మామ అనేవాళ్ళం. ఆయన రోజూ మా నారుమడి దగ్గర ఆగేవాడు.

"ఏరా అల్లుడూ, నారుకి మీసాలు వచ్చాయి. ఇంకెప్పుడు పెళ్ళి చేస్తావు?"

మేము నలభై ఒకటో రోజున నాట్లు మొదలుపెట్టాం. అదే రోజు నాన్నకు జ్వరం వచ్చింది. ఆరు రోజులు లేవలేదు, వాన నీళ్ళతోనే సరిపెట్టుకున్నాం. ఏడో రోజు పొద్దున్న నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. తూము దగ్గరికి వెళ్ళేసరికి గుంజ మీద తువ్వాలు వేలాడుతోంది.

నాట్లు బతికాయి. చూసి నమ్మలేదు. ఇరవై రోజులకు పిలకలు వేశాయి, ఆకు ముదురు పచ్చకు తిరిగింది. అన్నయ్య యంత్రం దిగి వచ్చి గట్టు మీద నుంచే చూసి వెళ్ళేవాడు.

అమావాస్య దాటిన రెండో రోజు పొద్దున్న నాన్న తువ్వాలు కట్టాడు, నీళ్ళు పెట్టాం. నాలుగో రోజుకు పల్లపు మూలలో ఆకు కొసలు తెల్లబడి దారంలా చుట్టుకున్నాయి. వారానికి ఆ మూల మొత్తం గడ్డివామి రంగుకు వచ్చింది. గట్టు మామ చేలోనూ కాలువ వైపు ఒక మడి అలాగే పోయింది. ఆయన విత్తనాన్ని తిట్టాడు. నాన్న కూడా విత్తనమే అన్నాడు.

కబురు పెడితే మీటరమ్మ వచ్చింది. బురదలో మీటరు ముంచి చాలాసేపు చూసింది. నీళ్ళు చూసే పెట్టారా అని అడిగింది.

"నేను చూసే పెట్టాను" అన్నాడు నాన్న.

ఆమె ఇంక ఆ వైపు అడగలేదు. మూడు సీసాలు గుర్తుండి ఉంటాయి. అయితే ఉప్పు అడుగు నుంచి ఎక్కిందన్నమాట, మధ్యలో ఎక్కడో ఆరనిచ్చి ఉంటారు, ఇకమీదట నేల మొహం కనబడకుండా నీళ్ళు నిలపండి అని చెప్పి వెళ్ళింది. మేము చేను ఆరనివ్వలేదని నాకు తెలుసు. ఆమెకు ఎదురు చెప్పాలంటే నాన్నకు ఎదురు చెప్పాలి.

ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు అనుకుంటాను, మధ్యాహ్నం నాన్న, అన్నయ్య, నేను అన్నానికి కూర్చున్నాం. మా ఆవిడ కూరలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టి వెళ్తే, చూడని మా వదిన మళ్ళీ వేసిందట. అన్నయ్య మొదటి ముద్దే చేతిలో ఉమ్మేసి లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. నాన్న తింటూనే ఉన్నాడు. కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే కంచం పక్కకు నెట్టే మనిషి. కంచం ఊడ్చుకుని, ఇంకాస్త కూర వెయ్యమన్నాడు.

మా ఆవిడ గరిట పట్టుకుని నన్నే చూసింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ అంది. "మామయ్య ఆ కూర మారడిగారు."

ఆకలేసి ఉంటుందన్నాను.

"ఆకలేస్తే మాత్రం అంత ఉప్పు తింటారా ఎవరైనా? జ్వరం తగ్గినప్పటి నుంచి ఒక్క రోజు వంక పెట్టలేదు. నా చెయ్యి తిరిగిందని మురిసిపోతున్నాను నేను."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. నేను పల్లపు మూల గురించి అనుకుంటున్నానని ఆమెకు తెలుసు.

ఈ మాట నాన్నతో ఎలా అనాలో నాకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి ఆయనా నేనూ మాట్లాడుకున్నదంతా పోగేస్తే ఒక ఉత్తరం నిండదు. మర్నాటి నుంచి ఆయన వెనకే తూము దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన దోసిలి పట్టి, నాలుకకు ఆనించి, ఉమ్మాక, నేను రెండడుగులు కింద మొహం కడుక్కున్నట్టు కూర్చుని ఒక చుక్క నాలుక మీద వేసుకునేవాణ్ణి. అప్పుడు ఒకటి కనిపెట్టాను. ఇదివరకు ఉమ్మగానే లేచేవాడు. ఇప్పుడు ఉమ్మాక చాలాసేపు నీళ్ళనే చూస్తున్నాడు. నురుగు ఎటు పోతోంది, గడ్డిపరకలు ఎటు తేలుతున్నాయి, గట్టు తడి ఎంత దిగింది, అన్నీ చూసి అప్పుడు తువ్వాలు మీద చెయ్యి వేస్తున్నాడు. తన నాలుక సంగతి ఆయనకు తెలుసు. మాకు తెలియదనుకుంటున్నాడు.

నెల పైన ఆయన కంటి లెక్క తప్పలేదు. తప్పకపోయేసరికి నాకు మాట్లాడకుండా ఉండడానికి ఒక సాకు దొరికింది.

వరి పొట్ట మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే వాన ఆగిపోయింది. పదకొండు రోజులు మబ్బు లేదు. పైనుంచి కాలువకు వచ్చే నీరు తగ్గింది, మళ్ళీ అమావాస్య పోట్లు మొదలయ్యాయి. చేలో నీళ్ళు ఇంకి బురద పైకి తేలింది. గట్టు వార వెంట్రుక మందం బీటలు, బీటల అంచున తెల్లటి గీత. పొట్ట మీద ఉన్న వరికి ఆ గీత చాలు, వెన్ను బయటికొచ్చినా గింజ పట్టదు. తాలు తప్ప ఏమీ మిగలదు.

అన్నయ్య ఆ సాయంత్రం చేలోకి దిగాడు. ఆ ఏడాది అదే మొదటిసారి దిగడం. ఒక పిలక విరిచి, గోటితో చీల్చి, లోపల వేలెడంత లేత వెన్ను చూశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకునే గట్టెక్కాడు.

"పక్క చెరువు ఎల్లుండికి అయిపోతుంది" అన్నాడు నాతో. ఆ పైన యంత్రం ఎక్కడికి వెళ్తుందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిది తూముల దగ్గరా మనుషులున్నారు. నిన్నటిదాకా ఎండిపోయినట్టున్న కాలువ ఆ పూట నిండుగా కనబడుతోంది. నాన్న దిగి దోసిలి పట్టాడు. ఉమ్మాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, నురుగు లేదు, గడ్డి లేదు. చూడడానికి ఏమీ లేదు. ఆయన మా చేను కేసి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి గుంజకు వేశాడు.

పైన పలకలు కదిలే చప్పుడు మొదలైంది.

నేను కూర్చుని నీళ్ళు నోట్లో వేసుకున్నాను. ఎండలో పనిచేస్తున్నప్పుడు పై పెదవి మీది చెమట నాకితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

లేచాను. గట్టెక్కాను. గుంజ మీది తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాను. తుడుచుకుని నా భుజం మీద వేసుకున్నాను.

పలకల చప్పుడు ఆగిపోయింది. కాలువ పొడుగునా అందరూ వంగినవాళ్ళు వంగినట్టే ఉండి మా వైపు చూస్తున్నారు. గట్టు మామ చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"ఏంట్రా, ఉన్నట్టా లేనట్టా?"

జవాబు చెప్పాల్సింది నాన్న. ఆయన నా భుజం మీది తువ్వాలు చూశాడు. తడిసిన నా మూతి చూశాడు. వంగి, సగం ఎత్తిన మా పలకను రెండు చేతులతో కిందికి నొక్కేశాడు.

"ఇవాళ వద్దు" అన్నాడు, పైవాళ్ళకు వినబడేట్టు.

ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన ముందు, నేను వెనక. పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"కూర రోజు నుంచి."

"ఏ కూర?"

చెంబు అందించాను. ఆయన అందుకున్నాడు. పల్లపు మూల తనే మాడ్చానన్నాడు. గట్టు మామ మడి కూడా తనే అన్నాడు. నేను కాదనలేదు. కాదంటే ఆయనకు కోపం వచ్చేది.

తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి మా ఆవిణ్ణి పిలిచాడు. ఐదు గ్లాసుల్లో నీళ్ళు పొయ్యమన్నాడు. మొదటిదాంట్లో రెండు పలుకులు, తర్వాతదాంట్లో నాలుగు, అలా పెంచుకుంటూ ఉప్పు కలపమన్నాడు. ఏది ఏదో గుర్తు పెట్టుకుని, గ్లాసులు అటూ ఇటూ మార్చి నా ముందు పెట్టమన్నాడు.

నేను ఒక్కొక్కటీ చూసి వరస పెట్టాను. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గ్లాసుల్ని చూశాడు. వరస సరో కాదో ఆయన చెప్పలేడు. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ఆయన తల తిప్పి మా ఆవిణ్ణి చూశాడు.

"రెండోదీ మూడోదీ తారుమారయ్యాయి మామయ్యా" అంది.

"మళ్ళీ కలుపమ్మా. ఒరే, నాలా కొసతో కాదు, అది అలవాటు మీద వచ్చేది. కొత్తలో ఉప్పు నాలిక పక్కల తెలుస్తుంది. పుక్కిట పట్టి, పది అంకెలు లెక్కపెట్టి ఉమ్ము."

రెండోసారి కుదిరింది. మూడోసారీ కుదిరింది. నాన్న మూడో గ్లాసు ఎత్తి చూపించాడు. "ఇది గుర్తుపెట్టుకో. పొట్ట మీదున్న వరి ఇంతవరకూ ఓర్చుకుంటుంది. ఇది దాటితే పలక ముట్టుకోకు."

అన్నయ్య అప్పుడే పని నుంచి వచ్చాడు. కాలువలో నీళ్ళు నిండుగా ఉంటే పెట్టలేదట, మీ ఇద్దరికీ ఏమైంది, కావాలనే ఎండగడుతున్నారా అంటూనే లోపలికొచ్చాడు. ఎండన పడి వచ్చాడేమో, మేము చూస్తుండగానే చివరి గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. సగంలో కక్కేశాడు. చొక్కా ముందంతా తడిసింది. తిట్టబోయి ఆగాడు. వరసగా ఉన్న గ్లాసులు చూశాడు, నా నోరు చూశాడు, చివరికి నాన్నను చూశాడు. అన్నయ్య తెలివితక్కువవాడు కాదు.

"ఆ రోజు కూర..." అన్నాడు. అంతటితో ఆపేశాడు. గ్లాసు తీసుకెళ్ళి తనే కడిగి పెట్టాడు.

ఆ రోజు పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. గట్టు వార బీటల్లో వేలు దూరుతోంది. పక్క చెరువు పూర్తయింది. యంత్రం మా గట్టు మీద ఉంది, అన్నయ్య దాని కింద కూర్చుని గొలుసుకు గ్రీజు రాస్తున్నాడు. నేను గంట గంటకూ వెళ్ళి నీళ్ళు పుక్కిట పట్టి వస్తున్నాను. నాలుగో గ్లాసు. మళ్ళీ నాలుగో గ్లాసు. నా నాలుక మొద్దుబారిందేమోనని భయమేసి మా ఆవిడతో మళ్ళీ గ్లాసులు కలిపించుకున్నాను.

మూడో రోజు తూరుపు తెల్లబడుతుండగా నాన్న నన్ను తట్టి లేపాడు. తూము దగ్గరికి వెళ్ళేసరికి కాలువలో నీరు సగానికి దిగి ఉంది. నాన్న ఒక పరక తుంచి నీళ్ళలో వేశాడు. అది నెమ్మదిగా ఏటి వైపు కదిలింది.

"ఆటు తీస్తోంది. పైనీళ్ళు తోసుకొస్తున్నాయి. మళ్ళీ పోటు తిరిగేలోపు గంటన్నర ఉంటుంది. చూడు."

పుక్కిట పట్టాను. లెక్కపెట్టాను. ఉమ్మాను. ఇంకోసారి పట్టాను.

"ఎన్నో గ్లాసు?"

"రెండు దాటింది. మూడు రాలేదు."

"రాలేదా, వచ్చిందా?"

పైన ఏడుగురూ చూస్తున్నారు. అన్నయ్య ఎప్పుడొచ్చాడో, మా వెనక గట్టు మీద ఉన్నాడు. నా నోట్లో ఇంకా ఆ రుచి ఉంది. ఇరవై ఏళ్ళు ఈయన ప్రతి పొద్దునా ఇలా నిలబడ్డాడా అనిపించింది.

"రాలేదు" అన్నాను.

నాన్న భుజం మీది తువ్వాలు తీశాడు. గుంజ ఆయన పక్కనే ఉంది. తువ్వాలు నా చేతికి ఇచ్చాడు.

నేను కట్టాను. ఎనిమిది పలకలూ లేచాయి. పావుగంటకోసారి దిగి చూస్తూనే ఉన్నాను. పరక ఆగి, కాస్త వెనక్కి వచ్చిందని నాన్న అన్నప్పుడు నా నోట్లోనూ మూడో గ్లాసు తగిలింది. తువ్వాలు తీసేశాను. అప్పటికి బీటలు మూసుకుపోయి చేలో నాలుగు వేళ్ళ నీరు నిలిచింది.

పలకలు దించాక నాన్న గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళి గట్టు మామ ముందు నిలబడ్డాడు. నీ మడి మాడింది విత్తనం వల్ల కాదు, జ్వరంతో నా నాలిక పోయింది, తెలిసీ చెప్పలేదు అన్నాడు. గట్టు మామ అంగుళం గట్టుకు పంచాయితీ పెట్టే మనిషి. ఏమంటాడోనని నేను వెనకే వెళ్ళాను. ఆయన కాలువ చూశాడు. తువ్వాలు నా భుజం మీద ఉండడం చూశాడు.

"అయితే నీ కోడలి వంట ఈ మధ్య అమృతంలా ఉందని ఊరంతా చెప్పావు. అదీ ఉత్తిదేనా?"

నాన్న మొహం తిప్పుకున్నాడు.

పూత నిలిచింది. పాలు పోసుకుంది. వారం తర్వాత వాన కూడా పడింది. కోతకొచ్చేసరికి పల్లపు మూల బోడిగానే ఉంది గానీ, మిగతా చేనంతా వెన్నులు వంగాయి. కోసిన రోజు అన్నయ్య ఒక వెన్ను అరచేతుల మధ్య నలిపి ఊదాడు. తాలు ఎగిరిపోయింది. మిగిలిన గింజల్ని వేలితో కదుపుతూ లెక్కపెట్టాడు.

మర్నాడు పొద్దున్న యంత్రం చప్పుడు వినబడి నేను అన్నం మధ్యలో లేచి పరుగెత్తాను. అది మా చేలో ఉంది. పసుప్పచ్చటి చెయ్యి మురుగు బోదెలోకి దిగి, నల్లటి మట్టి ఎత్తి గట్టు మీద పోస్తోంది. నన్ను చూసి అన్నయ్య ఇంజను ఆపకుండానే కేకేశాడు.

"మీటరమ్మ బోదె ఇంకో మూర లోతు కావాలంది. రేపటికి అయిపోతుంది."

కొత్త బియ్యం వండిన రోజు ముగ్గురం కాదు, ఐదుగురమూ ఒకేసారి కూర్చున్నాం. వదిన, మా ఆవిడ కూడా కంచాలు తెచ్చుకున్నారు. అన్నం ఒక్కటే, ఇంకా ఏమీ కలపలేదు. అన్నయ్య కంచం మీద చెయ్యి వేసి ఆగాడు. అందరూ ఆగారు. నాన్న ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమలలేదు. నా వైపు చూశాడు. కాలువ గట్టున ఏడుగురూ ఆయన వైపు చూసినట్టే చూశాడు.

నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాను.

"తియ్యన" అన్నాను.

అప్పుడు ఆయన నమలడం మొదలుపెట్టాడు.